గోడవైపు తిప్పిన ఏప్రాన్

రెండో దరఖాస్తు ఆదివారం ఉదయం ఎనిమిదింటికి వచ్చింది.

తెచ్చింది అత్త. కాగితాన్ని రెండు వేళ్ళతో దూరంగా పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడింది.

"నన్నేమీ అనకు. మీ మామయ్య చెప్పాడు, నేను రాశాను. అక్షరాలు నావి, పొగరు ఆయనది."

ఆఫీసమ్మ కాగితం అందుకుంది. యూనిఫారాలు కుట్టే కంపెనీలో నూట ముప్పై మందీ ఆమెను పిలిచేది ఆ పేరుతోనే. మొదట వెనకాల అనుకునేవాళ్ళు. తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. నిన్నటి నుంచి ఇంట్లో అత్త కూడా అంటోంది.

"సిబ్బంది విభాగం మేనేజర్ గారికి. విషయం: కుడి కంటిలో చుక్కల మందు వేయించుకొనుటకు అనుమతి గురించి. తమరి మంజూరు పత్రం చేతికి అందిన తర్వాతే కన్ను తెరవగలనని మనవి. ఇట్లు, విధులు విడిచి వెళ్ళిపోయిన వ్యక్తి."

"పొద్దున కాఫీ కోసం పెట్టుకున్న దరఖాస్తుకి జవాబు రాలేదట. దాన్ని కూడా జతచేయమన్నాడు," అంది అత్త.

"కాఫీ ఆయన మంచం పక్కనే పెట్టాను కదా."

"మంజూరు కాకుండా తాగడట. చల్లారిపోయింది. నేనే తాగేశాను."

ఆఫీసమ్మ పొయ్యి కట్టేసింది. మందు వేసి పద్దెనిమిది గంటలైంది. ఆపరేషన్ చేసిన కన్ను. నాలుగు గంటలకోసారి చుక్క పడాలని డాక్టరు రెండుసార్లు చెప్పాడు. అత్తకు చేతులు వణుకుతాయి. నాన్న వేస్తే చుక్క ఎప్పుడూ చెంప మీదే పడుతుంది. ఈ ఇంట్లో ఆ పని చేతనైంది ఆమె ఒక్కదానికే.

ముందు గదిలో మామయ్య మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. కంటి మీద ఆకుపచ్చ గుడ్డ. ఒళ్ళో నిన్న కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరం. చదవలేడు, అయినా వదలడు.

"మామయ్యా, తల వెనక్కి వాల్చు."

"మంజూరైందా మేనేజర్ గారూ?"

"కన్ను పోతుంది."

"పోతే ఇంకోటి ఉంది. మీ కంప్యూటర్ సిస్టమ్‌కి రెండూ లేవు, అయినా నడుస్తోందిగా."

ఆమె దరఖాస్తు అడుగున 'మంజూరు' అని రాసింది. సంతకం పెట్టింది. ఆయన కాగితాన్ని మంచికన్ను దగ్గరకు తెచ్చుకుని, పట్టిపట్టి చూసి, తల వెనక్కి వాల్చాడు.

"సంతకం అదే. ఉత్తరంలో ఉన్నదే," అన్నాడు.

ఆమె చుక్కలు వేసింది.

నిన్న మధ్యాహ్నం ఆ ఉత్తరం రిజిస్టరు పోస్టులో వచ్చింది. మామయ్యే సంతకం గీకి తీసుకున్నాడు. "నువ్వే చదువమ్మా, ఈ నాలుగు రోజులూ నా కళ్ళు నువ్వే," అని ఆమె చేతిలోనే పెట్టాడు. ఆమె గట్టిగా చదివింది. 'మీరు మంగళ, బుధ, గురువారాలు ఎవరికీ తెలియపరచకుండా విధులకు రానందువలన' దాకా చదివి ఆగింది. ఆ మంగళవారం ఉదయం ఆయనను కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆమే. ఆపరేషన్ గది బయట రెండు గంటలు కూర్చుంది ఆమే. అక్కడి నుంచి ఆఫీసుకు వెళ్ళి, తన కుర్చీలో తాను కూర్చుంది. మేనకోడలికి తెలిసిన సంగతి మేనేజరుకు తెలియలేదు. సిస్టమ్ మూడు రోజులు లెక్కపెట్టింది, ఉత్తరం అచ్చువేసింది, కింద ఆమె సంతకం ముద్ర తానే వేసుకుంది. ఉత్తరం తేదీ నుంచి ఏడు రోజుల్లో లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వకపోతే పేరు తీసివేయబడునని చివరి వాక్యం. గురువారంతో గడువు.

మామయ్య సంజాయిషీ రాయనంటున్నాడు.

"రెండు లైన్లు, మామయ్యా. కంటి ఆపరేషన్ అని. అత్త రాస్తుంది."

"ఎవరికి రాయాలి?"

"నాకు."

"నీకు తెలీదా?"

ఆమె మందు సీసా మూత బిగించింది.

నాన్న మెట్లు దిగే చప్పుడైంది. ఊళ్ళో వాళ్ళకు పెద్దాయన. కంపెనీని తొమ్మిది మందితో, ఒక అద్దె గదిలో మొదలుపెట్టి, ఇప్పుడు రెండు షెడ్లు, రెండు అంతస్తులు నడుపుతున్నాడు. రాత్రంతా నిద్రపోని మొహం. వస్తూనే ఉత్తరం కోసం చెయ్యి చాచాడు. మామయ్య ఇవ్వలేదు.

"ఇటివ్వరా. చింపేస్తాను, గొడవ వదిలిపోతుంది."

"చింపితే పోదు బావా. ఇది నకలట. అసలు సిస్టమ్‌లో ఉంటుందట. నీ కూతురే చెప్పింది."

పెద్దాయన కూతురి వైపు తిరిగాడు. "రేపు పొద్దున వెళ్ళగానే అది రద్దు చెయ్."

"చేస్తాను."

"అంతే కదా. దీనికి నిన్నటి నుంచీ ఇల్లంతా ఎందుకు తలకిందులు చేశారు?"

"ఇస్త్రీ ఆవిడది కూడా రద్దు చేస్తాను."

పెద్దాయన కుర్చీ లాక్కున్నాడు. కూర్చోలేదు.

"ఆవిడ సంగతి ఇప్పుడెందుకు?"

"పోయిన నెల ఆవిడ కొడుక్కి జ్వరం. మూడు రోజులు రాలేదు. ఇదే ఉత్తరం, ఇవే మాటలు. సంజాయిషీ రాయలేదు, రాయడం రాదు. పేరు పోయింది. నేను నీ దగ్గరకొచ్చి అడిగాను నాన్నా. రూల్ అంటే రూల్ అన్నావు."

"ఆవిడ వేరు, వీడు వేరు."

"ఎలా?"

"వీడు నా బావమరిది."

"చార్టులో ఆ గడి లేదు."

మంచం మీద మామయ్య నవ్వబోయి కంటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. నవ్వితే నొప్పి.

ఆ చార్టు ఆమె గీసిందే. ఆఫీసు గోడ మీద తలుపంత కాగితం. పైన యజమాని. కింద మేనేజర్లు, వాళ్ళ కింద ఇన్‌ఛార్జులు, వాళ్ళ కింద సూపర్‌వైజర్లు. కత్తిరింపు విభాగం ఇన్‌ఛార్జి గడికి ఒక గీత కింద మామయ్య. ఆ ఇన్‌ఛార్జికి సూదిలో దారం ఎక్కించడం నేర్పింది మామయ్యే. సెలవు కావాలంటే ఇప్పుడు అతని సంతకం తీసుకోవాలి.

"చార్టు, చార్టు," అన్నాడు పెద్దాయన. "నిద్రలో కూడా అదే. తొమ్మిది మందితో ఉన్నప్పుడు ఏ చార్టు ఉంది? పన్నెండేళ్ళు ఒక్క కాగితం లేకుండా నడిపాను. ఎవడికి జ్వరమో, ఎవడి భార్య నెల తప్పిందో, ఎవడు తాగొస్తాడో, గుమ్మంలో మొహం చూసి చెప్పేవాణ్ణి."

"ఇప్పుడు చెప్పు. రెండో షెడ్డు మేడ మీద ఎంతమంది ఉన్నారు?"

ఆయన కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"నలభై ఇద్దరు. అందులో ఒక్కళ్ళ పేరు చెప్పు."

"అందుకేగా నిన్ను పెట్టింది."

"పెట్టావు. రూల్స్ రాయమన్నావు. రాశాను. ఇప్పుడు నీ బావమరిది దగ్గరికొచ్చేసరికి చింపేయమంటున్నావు."

"నువ్వు రాసినవేగా. నువ్వే మార్చుకో."

"మామయ్యది నా సంతకంతో రద్దవుతుంది, గడువు ఇంకా ఉంది కాబట్టి. ఆవిడది అలా కాదు. పేరు తీసేసిన మనిషిని మళ్ళీ తీసుకోవాలంటే యజమాని సంతకం కావాలి."

"అది ఎవరు రాశారు?"

"నేనే," అంది ఆఫీసమ్మ.

అత్త గుమ్మంలోంచి, "అన్నయ్యగారూ, ఆ సంతకమేదో పెట్టేయండి. కొంపలు మునిగిపోతాయా," అంది.

"ఒకళ్ళని తీసుకుంటే రేపు పది మంది వస్తారమ్మా. మా ఇంట్లోనూ జ్వరమే అంటారు. నూట ముప్పై ఇళ్ళలో జ్వరాలకు నేనెక్కడ జవాబు చెప్పను?" పెద్దాయన కూతురి వైపు వేలు చూపించాడు. "వాడిది రద్దు చెయ్. ఆవిడ ఊసు ఎత్తకు. అంతే."

"రెండూ చేస్తాను. లేకపోతే ఒక్కటీ చెయ్యను."

పెద్దాయన చూపించిన వేలు దించాడు.

"నా పైన ఎవరి గడి ఉంది?" అన్నాడు.

"నీ పైన ఎవరూ లేరు."

"మరి నాకు సెలవు కావాలంటే ఎవరిని అడుక్కోవాలి?"

వెటకారమే. ఆయన కుర్చీని దాని చోట పెట్టి మేడెక్కిపోయాడు.

అప్పటిదాకా ఊరుకున్న మామయ్య గొంతు తగ్గించి అన్నాడు. "మేనేజర్ గారు" పోయింది. "అమ్మాయ్, ఆ ఇస్త్రీ ఆవిడకి ఏప్రాన్ తిప్పమని చెప్పింది నేనే."

ఆమె మంచం చివర కూర్చుంది.

పాత షెడ్డులో లోపలికి రాగానే ఎడమవైపు గోడకు మేకుల వరుస ఉంటుంది. ఒక్కొక్కరికీ ఒక మేకు. సాయంత్రం ఏప్రాన్ విప్పి తగిలిస్తారు. జేబు బయటికి కనబడితే రేపు వస్తాననీ, జేబు గోడవైపు తిప్పితే రేపు రాననీ అర్థం. ఎందుకని ఎవరూ అడగరు. పొద్దున వచ్చి తిప్పి ఉన్నదాన్ని ముందు ఎవరు చూస్తారో, ఆ రోజు ఆ పని వాళ్ళది. వేరే రూలు లేదు. ఎవరు పెట్టారో కూడా ఎవరికీ గుర్తులేదు. ఆఫీసమ్మ చిన్నప్పుడు స్కూలు నుంచి అక్కడికే వచ్చేది. తిప్పి ఉన్న ఏప్రాన్లు లెక్కపెట్టడం ఆమెకు ఆట.

"ఆవిడ వచ్చి, సెలవు కాగితం నింపడం రాదు మామా, ఎవరిని అడిగినా మీ సూపర్‌వైజర్‌ని అడుగు అంటున్నారు, ఆయనేమో వారం నుంచి ఊళ్ళో లేడు, అంది. దానికేముంది తల్లీ, మేకు దగ్గర తిప్పి తగిలించి పో, ఎవరో ఒకరు చూస్తారు అన్నాను. ఎప్పుడూ ఎవరో ఒకరు చూసేవాళ్ళు."

"ఇస్త్రీ వాళ్ళు పనిచేసేది రెండో షెడ్డులో మామయ్యా. పాత షెడ్డు తలుపులోంచి రారు. వెనక గేటు దగ్గర వేలిముద్ర వేసి మేడెక్కుతారు."

"తెలుసు. తర్వాత తెలిసింది."

"సోమవారం సాయంత్రం నువ్వు కూడా తిప్పి వచ్చావా?"

"తిప్పాను."

"కాగితం ఇవ్వాలని తెలిసీ?"

ఆయన ఉత్తరాన్ని మోకాలి మీద పెట్టి మడతలు సాపు చేశాడు. బట్టను బల్ల మీద పరిచేటప్పుడు చేసినట్టు, అరచేత్తో, అంచుల దాకా.

"నువ్వు చూస్తావేమో అనుకున్నా," అన్నాడు.

ఆమె లేచి వెళ్ళిపోయింది. లేవకపోతే ఏదో ఒకటి అనేసేది.

సాయంత్రం నాలుగింటికి ఇస్త్రీ ఆవిడను వెతుక్కుంటూ వెళ్ళింది. కంపెనీకి మూడు వీధుల అవతల, ఒక మెడికల్ షాపు పక్క సందులో, రేకు కింద బల్ల వేసుకుని ఉంది. బల్ల మీద ఎవరివో చొక్కాలు. ఆవిడ చూసింది కానీ పెట్టె ఆపలేదు.

"ఆఫీసమ్మా. బట్టలేమైనా తెచ్చారా?"

"లేదు. మాట్లాడదామని."

"మాట్లాడండి. చెవులు ఖాళీగానే ఉన్నాయి."

ఆఫీసమ్మ చెప్పింది. తప్పు జరిగిందని, సరిదిద్దాలనుకుంటున్నానని. కాస్త వివరంగానే చెప్పింది. తన మాటలు తనకే ఉత్తరంలా వినిపించాయి.

ఆవిడ కాలరు తిప్పి, మూల నుంచి మధ్యకు పెట్టె లాగింది.

"కత్తెర మామకి కూడా కాగితం వచ్చిందటగా," అంది.

"ఎవరు చెప్పారు?"

"అందరూ చెప్పారు. నాకు వచ్చినప్పుడు ఎవరూ ఎవరికీ చెప్పలేదు." కోపంగా అనలేదు. చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది. "నేను ముగ్గురిని అడిగానమ్మా. దారాల దగ్గర ఉండే అబ్బాయి, నీ పైవాణ్ణి నేను కాదన్నాడు. లెక్కల ఆవిడ, మా విభాగం కాదు అంది. మూడో ఆయన ఫోను ఎత్తలేదు. మీ దగ్గరికి కూడా వచ్చాను. మీటింగులో ఉన్నారు. గాజు తలుపులోంచి కనబడ్డారు. చెయ్యి ఊపాను."

ఆఫీసమ్మకు గుర్తులేదు. గుర్తుందని అబద్ధం చెప్పలేదు.

"మళ్ళీ వస్తావా?"

"నా చోట ఒక అమ్మాయిని పెట్టారటగా. ఆ పిల్లనేం చేస్తారు?"

చార్టులో ఇస్త్రీ విభాగానికి ఆరు గడులున్నాయి. ఆరూ నిండి ఉన్నాయి. ఏడోది గీయాలంటే దానికీ యజమాని సంతకమే కావాలి. ఆమెకు తన తలను ఆ పెట్టె కింద పెట్టాలనిపించింది.

"ఒకటి అడుగుతాను చెప్పండి," అంది ఇస్త్రీ ఆవిడ. "నా ఏప్రాన్ ఇంకా అక్కడే ఉందా? మామ చెప్పాడని మేకుకి తగిలించాను, చివరి నుంచి రెండోది. ఎవరైనా చూశారా?"

"చూసి చెబుతాను."

"చూడండి," అంది ఆవిడ. ఇంకో చొక్కా తీసుకుంది.

ఇంటికి వచ్చేసరికి నాన్న లేడు. నడిచొస్తానని వెళ్ళాడట. చీకటి పడ్డాక వచ్చాడు. చొక్కా చేతికి బట్ట మీద గీతలు గీసే మార్కింగ్ సుద్ద అంటుకుని ఉంది. ఎక్కడికెళ్ళావని అత్త అడిగింది. "ఎక్కడికి వెళ్ళినా దరఖాస్తు పెట్టుకోవాలా?" అన్నాడు. భోజనం దగ్గర ముగ్గురూ పళ్ళాలు చూసుకుంటూ తిన్నారు. మామయ్య తన పళ్ళెం మంజూరు కాలేదని గదిలోనే ఉండిపోయాడు. అత్త వెళ్ళి, "తింటావా, నోట్లో కుక్కమంటావా, ఇదే ఉత్తర్వు," అంది. తిన్నాడు.

సోమవారం ఆమె ఆరున్నరకే బయలుదేరింది. నాన్న గది తలుపు వేసే ఉంది. రోజూ ఆరింటికే లేచి హాల్లో దగ్గుతూ తిరిగే మనిషి. కొడదామని తలుపు మీద చెయ్యి పెట్టి, కొట్టకుండానే వెనక్కి తీసుకుంది.

పాత షెడ్డు తాళం ఆమే తీసింది. ఏడాదిగా ఈ తలుపులోంచి రాలేదు. ఆమె కూడా వెనక గేటు దగ్గరే వేలిముద్ర వేస్తుంది. లైటు వేసింది. చుట్టి పెట్టిన బట్ట తానుల వాసన, మిషను నూనె వాసన. ఎడమవైపు గోడ.

చివరి నుంచి రెండో మేకు దగ్గరకు ముందు వెళ్ళింది. ఉంది. జేబు గోడవైపు. భుజాల మీద సన్నటి దుమ్ము, నెలరోజుల దుమ్ము. దాని పక్క నుంచి రోజూ ఇరవై మంది నడిచి వెళ్ళారు.

మధ్యలో మామయ్యది. సుద్ద మరకలు. అదీ గోడవైపే.

వెనక్కి తిరగబోతూ తలుపు పక్కనే ఉన్న మొదటి మేకును చూసింది. నాన్నది. ఆయన దాన్ని వేసుకుని ఎన్నేళ్ళయిందో. అయినా ఎవరూ తీయలేదు. నీలం రంగు వెలిసి బూడిదరంగయింది. జేబు మీద ఆయనే కుట్టుకున్న వంకర కుట్టు ఒకటి ఉండాలి. ఎప్పుడూ కనబడేది.

ఇవాళ కనబడలేదు. ఏప్రాన్ గోడవైపు తిరిగి ఉంది.

ఆమె దాని ముందు నిలబడిపోయింది. నిన్న సాయంత్రపు సుద్ద ఎక్కడిదో తెలిసింది. ఇంకేదీ తెలియలేదు. ఇది ఒప్పుకోవడమా, అలగడమా? చేతనైతే నువ్వే చూసుకో అనడమా? ఆయన నోటితో చెప్పే మనిషి అయితే నిన్ననే చెప్పేవాడు. చెప్పడు. ముప్పై ఏళ్ళుగా ఈ గోడ ఉంది కదా, చెప్పడం ఎందుకు.

ఆఫీసులో రద్దు కావాల్సిన కాగితాలు రెండున్నాయి. ఒకటి ఆమె సంతకంతో అయిపోతుంది. రెండోదానికి యజమాని సంతకం కావాలి. యజమాని ఈ రోజు రాడు.

వెనక చెప్పుల చప్పుడైంది. కత్తిరింపు ఇన్‌ఛార్జి టిఫిన్ డబ్బా ఊపుకుంటూ వచ్చి, ఆమెను చూసి సర్దుకున్నాడు.

"నమస్తే మేడమ్. మీరు ఇటు నుంచి వచ్చారేంటి?" ఆమె చూస్తున్న వైపు అతనూ చూశాడు. "అరె, పెద్దాయనది ఎవరో తిప్పేశారే. ఊడ్చేవాళ్ళ పనే అయ్యుంటుంది." సరిగ్గా తగిలిద్దామని చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు," అంది ఆమె.

అతను ఆగాడు.

"ముందు చూసింది నేను."